అయ్యగారు దారి మళ్లించిన ఊరేగింపు

నా చిన్నప్పుడు, అరవై ఏడో సంవత్సరం మృగశిర కార్తెలో, ఎక్కడో పడమట ఇజ్రాయెల్‌కీ అరబ్బు దేశాలకీ మధ్య ముగిసిన యుద్ధానికి వాకాడు దగ్గరి మా ఊళ్లో డప్పులు వేడెక్కాయి. ఆ దేశాలు ఎక్కడున్నాయో పటం మీద వేలు పెట్టి చూపగలిగిన వాళ్లు మా ఊళ్లో ఒకరో ఇద్దరో. అయినా గెలిచింది మేమే అన్నవాళ్లు ఒక పేట నిండా ఉన్నారు. నేను దేవుణ్ణి నమ్మను. ఏ మతం వాళ్లు సభకి పిలిచినా వెళ్లి వాదించి వచ్చాను. అలాంటి నాకు శాంతి అన్న మాటకి అర్థం మొదట చూపించింది ఒక చర్చి పాస్టరు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు చిన్నతనమేమీ లేదు.

ఊరికి తూర్పున, ఉప్పు కాలవ గట్టు మీద క్రైస్తవుల పేట ఉండేది. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన జనం. పేట మధ్యలో చర్చి, చర్చి వెనక బడి. ఊళ్లో బడి మూడో తరగతితో ఆగిపోయేది కనుక మా నాన్న ఇంట్లో అందరితో పోట్లాడి, ఊరి రైతుల ఇంటి ఆడపిల్లనైన నన్ను అక్కడ చేర్చాడు. ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేవారూ, మిగతా రోజుల్లో మాకు లెక్కలు చెప్పేవారూ ఒకరే. పేటవాళ్లు ఆయన్ని అయ్యగారు అనేవాళ్లు, మేమూ అలాగే అన్నాం. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ చంకలో గొడుగుతో ఉండేవారు. ఆయనకి నెల జీతమంటూ లేదు. పేటలో ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. ఆదివారానికి ఆ బియ్యమంతా చర్చికి చేరేది. అయ్యగారి ఇంట్లో అన్నం ఉడికేది ఆ పిడికెళ్లతోనే.

పేటకి ఇజ్రాయెల్ పరాయి దేశం కాదు. ఊరి బావిలో చేద వేసే హక్కు లేనివాళ్లు, దేవుడు ఏరి కోరి ఎంచుకున్న జనం కథని వారం వారం విని, అది తమ కథే అనుకున్నారు. అనుకోరూ మరి? బానిసలు సముద్రం దాటి సొంత నేలకి చేరే కథ వాళ్లకి కాకపోతే ఎవరికి కావాలి? పుట్టిన మగబిడ్డలకి ఇశ్రాయేలు అని పేరు పెట్టుకునేవాళ్లు. మా రోజుల్లో చర్చి సంఘపెద్దగా ఉన్నాయన పేరూ అదే. ఆ పాత కథలోని జనం వేరు, ఇప్పుడు తుపాకులు పట్టిన ప్రభుత్వం వేరు అని వాళ్లకి విడమరిచి చెప్పినవాళ్లు లేరు. పంచాయతీ రేడియో ఆ పేరు పలికితే తమ పేరే పిలిచినట్టు పొంగిపోయారు.

యుద్ధం ముగిసిన వారమే అయ్యగారు గూడూరు వెళ్లారు. చుట్టుపక్కల చర్చిల పాస్టర్లు కొందరు అక్కడ కూడి, ఏ ఒక్క పక్షం గెలుపుకీ స్తోత్రం చెప్పకూడదనీ, యూదులకి భయం లేని బతుకూ, ఇళ్లు పోయిన పాలస్తీనా వాళ్లకి ఇళ్లూ దక్కాలని తమ సంఘాల్లో ప్రార్థన చేయించాలనీ అనుకున్నారు. ఆదివారం అయ్యగారు ఆ మాటే చర్చిలో చెప్పారు. జనం మధ్యలోనే లేచి వెళ్లిపోయారని సోమవారం బడిలో పిల్లలు గుసగుసలాడుకున్నారు.

ఆ మధ్యాహ్నం సంఘపెద్ద నలుగురిని వెంటేసుకుని బడికే వచ్చాడు. మేం పలకలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాం. శనివారం సాయంత్రం పేట నుంచి ఊరి నడిబొడ్డు దాకా డప్పులతో విజయోత్సవం తీస్తామనీ, అయ్యగారు ముందు నడవాలనీ చెప్పాడు. నడవకపోతే పిడికెడు బియ్యం ఇక రాదని ఆయన వెనకున్న వాళ్లెవరో గొణిగారు. అయ్యగారు నెమ్మదిగా, ఈ ఊరేగింపు ఎవరికోసమని అడిగారు.

"నా పేరు పెట్టుకోనుండే దేశం గెలిచినాది అయ్యగారా. నేను కొట్టించకుంటే ఇంకెవురు కొట్టిస్తారు దరువు?" అని సంఘపెద్ద నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "పుట్టినకాడ్నించీ మేం గెలిచింది ల్యా. ఒక్క దినం గెలవనీండి" అన్నాడు.

ఆ మాటలో ఉన్న ఆకలి నాకు అప్పుడు తెలియలేదు. అయ్యగారికి తెలిసింది. కానీ ఆయనకి ఇంకో సంగతి కూడా తెలుసు. పేట నుంచి ఊళ్లోకి పోయే రోడ్డు పక్కనే దూదేకుల తాత ఇల్లు. మా ఇంటి పరుపులూ, పేటలో పెళ్లికూతుళ్ల దిండ్లూ అన్నీ ఆయన ఏకిన దూదితో కుట్టినవే. ముస్లిం అన్నమాటే గాని తెలుగు తప్ప మరో భాష రాదు, నెల్లూరు దాటి ఎరగడు. పేట కుర్రాళ్లు అంతకు ముందురోజే ఆయన వాకిట్లో నిలబడి, శనివారం దరువు మొదలయ్యేది నీ గుమ్మం ముందరేనని చెప్పి వచ్చారు. ఆయన వసారాలో వేలాడే దూదేకే విల్లుని లోపలికి తీసేసుకున్నాడు. కోడల్నీ పిల్లల్నీ గూడూరు పంపేశాడు. తాను మాత్రం ఇల్లు వదిలి పోలేదు. తాగిన కుర్రాళ్లు, డప్పులు, ఒంటరి ముసలాయన. ఏమవుతుందో పిల్లలం మాకే తెలుస్తూ ఉంది.

అయ్యగారు కాదంటారని ఎదురుచూశాను. ఆయన చంకలో గొడుగు తీసి చేత పట్టుకుని, "సరే, ముందర నేనే నడస్తా. దరువు మీది, దోవ నాది. మీ అమ్మని గూడా తోడకరా" అన్నారు. సంఘపెద్ద తల్లి పేటలోకెల్లా పెద్దది, చూపు సరిగా ఆనని అవ్వ. ఆమె ఎందుకని ఎవరూ అడగలేదు. అయ్యగారు దిగివచ్చారన్న సంతోషంలో ఉన్నారు వాళ్లు.

శనివారం పొద్దు వాలాక ఊరేగింపు బయల్దేరింది. బడిపిల్లలం అందరం వెంటపడ్డాం. రోడ్డు, కాలవ గట్టు చీలే చోట అయ్యగారు ఊరివైపు తిరగకుండా గట్టెక్కారు. వెనకనుంచి కేకలేశారు, దారి తప్పారని వేళాకోళం చేశారు. ఆయన వెనక్కి చూడలేదు. దోవ నాది అన్న మాటకి ఒప్పుకున్నవాళ్లు కనుక డప్పులు కొట్టుకుంటూనే నడిచారు. గట్టు దిగితే మంచినీటి బావి, దాని చుట్టూ నిమ్మతోట. అది మా తోట. ముళ్లతడిక దగ్గర మా తాతయ్య చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంది అయ్యగారా, నా తోట మీదకి దండెత్తినారు?" అన్నాడు తాతయ్య.

"దండు గాదు పెద్దయ్యా. ఈ అవ్వ తన ఇల్లు ఒక్కసారి చూసుకుంటాది. మీరు సరేనంటే లోపలికొస్తాది. కాదంటే ఇట్నే తిరిగిపోతాం" అన్నారు అయ్యగారు.

డప్పులు ఎవరూ ఆపమనకుండానే ఆగాయి. మా తోటలో అవ్వ ఇల్లేమిటో నాకు అర్థం కాలేదు. సంఘపెద్దకి అర్థమైంది, ముఖం తిప్పుకున్నాడు. పేట ఒకప్పుడు ఆ మంచినీటి బావి దగ్గరే ఉండేదట. తాతయ్య పడుచువాడుగా ఉన్న రోజుల్లో పెద్ద గాలివాన వస్తే పేట జనం పిల్లల్ని ఎత్తుకుని కాలవ గట్టెక్కారు. నీళ్లు తీశాక తిరిగి వచ్చేసరికి ఊరి రైతులు కలిసి ఆ నేల దున్ని ముళ్లకంచె వేసేశారు. అప్పటినుంచి వాళ్లు ఆ ఉప్పు గట్టు మీదే ఉండిపోయారు. ఆ దున్నిన నాగళ్లలో ఒకటి మా ఇంటిది. ఈ కథ మా ఇంట్లో ఎన్నడూ ఎవరూ చెప్పలేదు.

తాతయ్య కర్ర తడికకి ఆనించాడు. వాళ్లని తిడతాడనుకున్నాను. ఆయన వంగి, తడిక తానే పక్కకి లాగి, "రానీ" అన్నాడు.

అవ్వ కొడుకు చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచింది. చూపు సరిగా ఆనని మనిషి చెట్ల మధ్య తడబడలేదు. బావికి కొంచెం ఎడంగా, ఒక నిమ్మచెట్టు మొదట్లో, కోళ్లు నీళ్లు తాగే రాతిగుంట ఒకటి భూమిలో అంచుదాకా కూరుకుని ఉండేది. దాన్ని కాలితో తడిమి, కూలబడి, చెయ్యి లోపలికి పెట్టింది.

"ఇది నా రోలు. ఈ అంచు పగిలినప్పుడు మా అత్త నన్ను రెండు పూటలు తిట్టింది" అని నవ్వింది.

తాతయ్య, తెల్లారి రోలు తవ్వించి బండిలో పంపిస్తానన్నాడు. అవ్వ కోపం లేకుండానే, "రోలు తోలిస్తావు నాయనా. దాని కింద నేల ఏ బండిలో తోలిస్తావు?" అంది. తాతయ్యంత పెద్ద మనిషి ఒక ముసలామె ముందు తల దించుకోవడం నేను చూసింది అదొక్కసారే.

అప్పుడు అయ్యగారు పేటవాళ్ల వైపు తిరిగారు. చర్చిలో చెప్పినట్టు గొంతు పెంచి చెప్పలేదు.

"ఆడ గూడా ఇంతే. యుద్ధానికి జడిసి నాలుగు దినాలని ఇల్లు ఇడిసి పోయినోళ్లు తిరిగొస్తే, ఇంట్లో ఇంకొకరుండారు. ఆ ఇంకొకరు ఎవురు? యూదులు. వాళ్లని గూడా ఊరూరా తరిమినారు, గుంపులు గుంపులుగా చంపినారు. వాళ్లకీ పోను చోటు ల్యా. ఇప్పుడు చెప్పండబ్బా, దరువు ఎవురి వాకిట్లో కొట్టేది?"

"అయితే ఓడినోళ్ల పక్కన జేరమంటావా?" అని సంఘపెద్ద అడిగాడు.

"పక్కలు వద్దంటుండా. వాళ్లు ఇంటికి తిరిగిరావాల. వీళ్లు భయం లేకుండా నిద్రపోవాల. రెండూ అడగమంటుండా. ఒకటే అడిగితే అది ప్రార్థన గాదు, తగాదా."

తిరుగు దారిలో డప్పులు చంకల్లోనే ఉన్నాయి. గట్టు దిగి రోడ్డెక్కి, దూదేకుల తాత ఇంటి ముందుకి వచ్చేసరికి సంఘపెద్ద ఒక్కడే ముందుకి వెళ్లి తలుపు తట్టాడు. "తాతా, నేనే. నా మనవరాలి పెళ్లి దిండ్లు ఎప్పటికిస్తావు?" అన్నాడు. లోపలి నుంచి, "దూది ఇస్తే గదా దిండు ఇచ్చేది. పోయిన నెల్లోనే అడిగితి" అని వినబడింది. తలుపు తెరుచుకుంది. ఎవరో నవ్వారు.

మా తాతయ్య ఆ నేల తిరిగి ఇవ్వలేదు. ఇచ్చాడని రాస్తే అబద్ధమవుతుంది. అయితే ఆ ముళ్లతడిక మళ్లీ వేయించలేదు. ఇంట్లో నాన్న చాలా రోజులు వాదించాక, పేట ఆడవాళ్లు ఆ బావి మంచినీళ్లు తోడుకోవడం మొదలైంది. ఊరు గింజుకుంది, తాతయ్య వినలేదు. అది న్యాయం కాదు. న్యాయానికి తెరిచిన గుమ్మం, అంతే. పిడికెడు బియ్యం కూడా ఆగలేదు. నేను పెద్దయ్యాక అయ్యగారితో దేవుడి గురించి గంటలకొద్దీ వాదించాను. నా వాదన అంతా విని, దేవుడు లేకపోయినా ఆ రెండు ప్రార్థనలూ మానవద్దమ్మా అని నవ్వేవారు.

అక్కడ యుద్ధాలు నేటికీ ఆగలేదు. దేవుడిచ్చిన భూమి అంటూ గ్రంథాన్ని పట్టాలాగా చూపించే వాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు, వాళ్లతో నా పోరూ ఆగలేదు. అయినా నాకు నిరాశ లేదు. దరువు వేయడానికి బయల్దేరిన కోపిష్టి జనం ఒక సాయంత్రంలో మారడం నా కళ్లతో చూశాను. ఫలానా నేల మాదే అని ఎవరు కేక వేసినా, నిన్నటిదాకా అక్కడ వండుకుని తిన్నది ఎవరని అడుగుతాను. ఆ ప్రశ్న ముందు మా ఇంటిని అడిగాకే బయటివాళ్లని అడుగుతాను. ఆ వెంటనే, ఇవాళ అక్కడ వండుకుంటున్న పిల్లలతల్లి ఎక్కడికి పోవాలని కూడా అడుగుతాను. రెండోది అడగకుండా మొదటిది అడిగేవాళ్లు, మొదటిది దాటేసి రెండోదే అడిగేవాళ్లు, ఇద్దరూ డప్పులు వేడి చేస్తున్న వాళ్లే.