హెడ్‌ఫోన్స్ లేని సాయంత్రం

శేషగిరి ఇరవై ఏళ్లపాటు గిటార్ వాయించాడు. ఇంట్లో ఎవరూ వినలేదు.

మిషిగన్‌లోని ట్రాయ్‌లో వాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో, వాటర్ హీటర్ పక్కన ఒక చిన్న బల్ల ఉండేది. దాని మీద వెల్లకిలా పడుకున్న హవాయన్ గిటార్. ఎడమచేత్తో చిన్న ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ, కుడిచేతి వేళ్లతో మీటాలి. కనకదుర్గ హాస్పిటల్ ల్యాబ్‌లో నైట్ షిఫ్ట్ చేసి పగలంతా నిద్రపోయేది. అందుకని అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాడు. పాటంతా అతని రెండు చెవుల మధ్యే పుట్టి అక్కడే ఇంకిపోయేది. మెట్ల మీద నుంచి చూసేవాళ్లకి ఒక మనిషి తల వంచుకుని బల్ల మీద ఏదో రుద్దుతున్నట్టు కనిపించేది.

"మా నాన్న ఐరనింగ్ చేస్తున్నారు" అని కూతురు దేదీప్య చిన్నప్పుడు ఒక స్నేహితురాలికి చెప్పింది. ఆ మాట ఇంట్లో ఉండిపోయింది.

"ఇస్త్రీ అయిందా అండీ? అయితే అన్నానికి రండి" అని పిలిచేది కనకదుర్గ.

ఆమె డే షిఫ్ట్‌కి మారాక కూడా అతను హెడ్‌ఫోన్స్ తీయలేదు. కాకినాడలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, పెళ్లిళ్లలో వాయించే ధర్మారావు మాస్టారి దగ్గర నేర్చుకున్న విద్య అది. "మన వీణలో గమకం ఉంది చూడు, అది సముద్రం దాటి వెళ్లి, ఆ దీవుల్లో స్నానం చేసి, తల తుడుచుకోకుండా వచ్చేసిందిరా" అనేవాడాయన. ఆ తడి తన వేళ్లకి ఇంకా అంటలేదని శేషగిరికి అనుమానం. మోహన రాగంలో తనే ఒక చిన్న బాణీ కట్టుకున్నాడు. ఇంకాస్త నునుపెక్కాక ఇద్దరికీ వినిపిద్దామనుకున్నాడు. ప్రతి శనివారం ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూనే ఉన్నాడు.

ఈలోగా ఎడమచెయ్యి వణకడం మొదలుపెట్టింది.

మొదట బొటనవేలు. తర్వాత మణికట్టు. డాక్టరు పార్కిన్సన్స్ అని చెప్పింది. టాబ్లెట్ పనిచేస్తున్నంతసేపు చెయ్యి మాట వినేది, దాని బలం తగ్గగానే ఎదురు తిరిగేది. మాట వినే గంటలు నెలనెలా కురచవుతున్నాయి. ఉక్కు కడ్డీ తీగల మీద జారడం మానేసి గిలక్కాయలా మోగింది. హెడ్‌ఫోన్స్‌లో ఆ చప్పుడు అతని పుర్రె లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉండేది. ఒకరోజు గిటార్‌ని కారులో పెట్టుకుని వెళ్లి, పాత సామాన్లు తీసుకునే చోట ఇచ్చేసి వచ్చాడు.

క్రిస్మస్‌కి సియాటిల్ నుంచి వచ్చిన దేదీప్య ఖాళీ బల్ల చూసింది.

"నాన్నా, గిటార్ ఏది?"

"ఇచ్చేశా."

"ఎవరికి?"

"ఎవరికో."

"కానీ నేను ఒక్కసారి కూడా వినలేదు కదా."

నింద కూడా లేదు ఆ గొంతులో. అందుకే అది మిషిగన్ చలికాలం మొత్తం అతనితోపాటు ఇంట్లో తిరిగింది. వినిపించాలి. ఒక్కసారి, గాలిలోకి, వాళ్లిద్దరికీ. చెయ్యి పూర్తిగా పోయేలోపు.

అరవై ఏళ్లు నిండినప్పుడు గుళ్లో షష్టిపూర్తి చేద్దామంది కనకదుర్గ. దేదీప్య హవాయికి టికెట్లు బుక్ చేసింది. కవాయి దీవిలో ఒక చిన్న హోటల్. దాని పచ్చికలో రోజూ సాయంత్రం ఇదే గిటార్ వాయిస్తారు, అక్కడ దాన్ని స్టీల్ గిటార్ అంటారు. మా నాన్న ఒక్క పాట వాయించవచ్చా అని ఆ అమ్మాయి ముందే ఈమెయిల్ రాసింది. తీసుకురా అని జవాబొచ్చింది.

*

కవాయిలో ఎక్కడ చూసినా కోళ్లే. రోడ్డు మీద, పార్కింగ్‌లో, హోటల్ మెట్ల మీద.

"ఈ ఊళ్లో కోళ్లకి మనుషులంటే అసలు భయమే లేదేంటే?" అంది కనకదుర్గ.

"ఎవరూ తినరు అమ్మా. అవి వైల్డ్."

"మన కాకినాడ వాళ్లు ఇంకా ఇక్కడికి రాలేదన్నమాట."

మొదటి రోజు సాయంత్రం ముగ్గురూ పచ్చికలో ముందు వరసలో కూర్చున్నారు. వాయించే ఆయన పేరు కెయావే, డెబ్బై దాటినవాడు. అందరూ అంకుల్ అంటున్నారు. పక్కన ఉకులేలె అనే బుల్లి గిటార్ పట్టుకుని ఆయన మనవరాలు. ఆయన కడ్డీని తీగ మీద ఉంచి అలా వదిలేశాడు, అంతే. మొదటి స్వరం ఒడ్డుకు రావడానికి తొందర లేని అలలా వచ్చింది. ఇక్కడ ఆగుతుందేమో అనుకున్నచోట ఆగలేదు. ఆగినచోట ఇంకా కొంచెం వణికింది, మబ్బు చివర వెలుగు వణికినట్టు. సముద్రం కాసేపు తన పని మానుకుని విన్నట్టనిపించింది. శేషగిరి కళ్లు మూసుకున్నాడు. చెవుల మీద ఏ బరువూ లేకుండా ఈ శబ్దాన్ని విని ఎన్నేళ్లయిందో. అది కుడివైపు నుంచి వస్తోంది, ఉప్పు వాసనతో వస్తోంది, ఎవరి పిల్లాడి నవ్వో దాని మీదుగా దాటిపోతోంది. పాటకి ఇంత చోటు ఉంటుందని అతను మర్చిపోయాడు.

కనకదుర్గ అతని మోచేతిని పట్టుకుంది.

"మీరు వాయించేది ఇదేనా?"

"ఇదే."

"పెనం మీద వెన్న జారినట్టుంది. ఇంత బాగుంటుందా? ఇన్నేళ్లూ చెవుల్లో దాచుకుని ఒక్కరే తిన్నారా?"

అతను నవ్వాడు. భయం కూడా వేసింది. ఇప్పుడు ఆమెకి రుచి తెలిసింది.

కచేరీ అయ్యాక కెయావే అంకుల్ అతని రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఆ వణుకు ఆయనకి తెలిసే ఉంటుంది. "రేపు, పొద్దు సముద్రంలోకి దిగాక, నాలుగో పాట నీది" అన్నాడు.

*

మర్నాడంతా శేషగిరి ఒకే లెక్కలో ఉన్నాడు. టాబ్లెట్ వేసుకున్నాక చెయ్యి నెమ్మదించడానికి ముప్పావుగంట పడుతుంది. కడుపులో పప్పు, పాలు, పెరుగు ఉంటే ఆ మందు మెదడుకు చేరడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి చేరనే చేరదు. డాక్టరు చెప్పింది. ట్రాయ్‌లో దానికి తగ్గట్టే భోజనం, మందు వేళలు కుదుర్చుకున్నారు. ఖాళీ కడుపున మందు వేసుకుంటే పేగులు కాలిపోతాయని నమ్మే ఇంట్లో పుట్టిన కనకదుర్గ, ఆ వేళల్ని నమ్మకం లేకుండానే భరించింది. ఇక్కడ గడియారం మారింది. పొద్దు మారింది. ఆ వేళలన్నీ కలగాపులగమయ్యాయి.

సాయంత్రం అతను టాబ్లెట్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె గదిలోంచి గిన్నెతో వచ్చింది. సూట్‌కేస్‌లో చీరల మధ్య మోసుకొచ్చిన చిన్న రైస్ కుక్కర్‌లో వండిన అన్నం. ఊళ్లో దొరికిన పెరుగు. కారులో ఎండలో వెళ్లి, రెండు కొట్లు తిరిగి తెచ్చింది.

"పొద్దున్నుంచి ఏం తిన్నారని? ఆ పండు ముక్కలేగా. కడుపులో ఏమీ లేకపోతే చెయ్యి వణక్క ఏం చేస్తుంది? ఇవాళ మీరు అందరి ముందు కూర్చోవాలి. ఊఁ, చెయ్యి పట్టండి."

ఆమె ముద్ద చేసి అతని కుడి అరచేతిలో పెట్టింది. మధ్యలో మాగాయ ముక్క. వద్దనడానికి నోరు తెరిచాడు. ఆమె మొహం చూశాడు. తన పాట వినబోతున్న మనిషి మొహం అది. పెళ్లికి ముస్తాబైన ఇల్లులా ఉంది. ఒక్క ముద్దకి ఏమవుతుందిలే అనుకున్నాడు. తర్వాత రెండోది. గిన్నె ఖాళీ అయింది. టాబ్లెట్ మింగాడు.

*

పొద్దు సముద్రంలోకి దిగింది. మూడో పాట అయింది. చెయ్యి ఆగలేదు.

"మా మిషిగన్ బ్రదర్" అని కెయావే అంకుల్ మైకులో పిలిచాడు. జనం చప్పట్లు కొట్టారు. దేదీప్య ఫోన్ ఎత్తి పట్టుకుంది. కనకదుర్గ కొంగు సర్దుకుని, గుళ్లో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది.

శేషగిరి గిటార్ ముందు కూర్చున్నాడు. వేళ్లకి మీటే ఉంగరాలు తొడుక్కోవడానికే చాలాసేపు పట్టింది. కడ్డీ తీసుకున్నాడు. చల్లగా, బరువుగా, ఎన్నాళ్ల కిందటి స్నేహితుడిలా ఉంది. తీగ మీద పెట్టాడు.

అది మోగలేదు. గిలగిలా కొట్టుకుంది. చిన్న డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు ఒక శబ్దం స్పీకర్లలోంచి వచ్చి పచ్చికంతా పరుచుకుంది. కొబ్బరిచెట్టు కింద ఒక కోడి అరుస్తూ లేచి పరుగెత్తింది. ఎవరో నవ్వి, వెంటనే ఆపుకున్నారు.

చెయ్యి తీశాడు. మోకాలికేసి అదిమాడు. మళ్లీ పెట్టాడు. కడ్డీ ఒకచోట అతుక్కుపోయి, హఠాత్తుగా నాలుగు మెట్లు దూకింది. మోహన ఎక్కడో లోపల స్పష్టంగా నడుస్తోంది, ఒక్క స్వరం కూడా తప్పకుండా. బయటికొచ్చే దారిలో ప్రతి స్వరం మెట్ల మీంచి పడిపోతోంది. అంకుల్ మనవరాలు ఉకులేలె మీద అదే శ్రుతిని ఓపిగ్గా మీటుతూ, ఎంతసేపైనా ఫరవాలేదన్నట్టు చూస్తోంది. ఆ దయని అతను భరించలేకపోయాడు.

"ఇంకో ఐదు నిమిషాలు" అన్నాడు ఇంగ్లిష్‌లో, ఎవరితోనో తెలియకుండా. "టాబ్లెట్ పనిచేస్తుంది. ప్లీజ్. ఇంకో ఐదు నిమిషాలు."

ఐదు నిమిషాలు గడిచాయి. అతను కూర్చునే ఉన్నాడు. దివిటీలు పట్టుకున్న డాన్సర్లు పచ్చిక అంచున నిలబడి ఎదురుచూస్తున్నారు. కనకదుర్గ లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"వచ్చేయండి."

"వస్తుంది దుర్గా. ఆగు. వచ్చేస్తుంది."

"ఏమండీ, అందరూ చూస్తున్నారు. రండి."

అతను లేచాడు. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

*

ముగ్గురూ ఇసుక పక్కన చెక్కబెంచీ మీద కూర్చున్నారు. వెనక పచ్చికలో డప్పులు మోగుతున్నాయి. ఇంకో హోటల్‌లో కచేరీ ఉందని కెయావే అంకుల్ గిటార్ పెట్టెలో సర్దుకుని, అతని వీపు తట్టి వెళ్లిపోయాడు. ఆయన కారు ఎర్రదీపాలు మలుపు తిరగడం శేషగిరి చూశాడు.

"టాబ్లెట్ ఎందుకు పనిచెయ్యలేదండీ?" అంది కనకదుర్గ. "అన్నం కూడా తిన్నారు కదా."

"ఒక్కోసారి అంతే" అన్నాడు.

అప్పుడు చెయ్యి ఆగింది. ముందుగా ఏ సూచనా లేదు. మోకాలి మీద ఎగిరెగిరి పడుతున్నది అలాగే వాలి, అక్కడే ఉండిపోయింది. దేదీప్య చూసింది.

"నాన్నా! హ్యాండ్!"

అతను దాన్ని పైకెత్తాడు. చీకటి పడుతున్న సముద్రానికి ఎదురుగా ఐదు వేళ్లూ కదలకుండా నిలబడ్డాయి. ఇంకో గంట, గంటన్నర ఇలాగే ఉంటుంది. ఈ గంటకి గిటార్ లేదు.

"ఆ వీడియో ఇలా ఇవ్వు" అన్నాడు.

"నాన్నా, వద్దు."

"ఇవ్వమ్మా."

"మీది నా దగ్గర ఇదొక్కటే ఉంది. ప్లీజ్ నాన్నా, డిలీట్ చెయ్యకండి."

"అది నాది కాదు" అన్నాడు. "అది దీనిది" అని ఎడమచేతిని చూపించాడు.

దేదీప్య అమ్మ వైపు చూసింది. ఫోన్ ఇచ్చింది. ఎడమచేతిలో ఫోన్ రాతి మీద పెట్టినట్టు నిలిచింది. ఏడాదిగా ఆ చేతి బొటనవేలు ఒక బటన్ కోసం పోతే పక్క బటన్ మీద పడేది. ఇప్పుడు మొదటిసారికే సరిగ్గా పడింది. డిలీట్ చేసినవి దాక్కునే చోటు కూడా ఉంటుందని అతనికి తెలుసు. అక్కడికి కూడా వెళ్లి చెరిపేశాడు. ఫోన్ తిరిగి ఇచ్చాడు. దేదీప్య దాన్ని తిరగేసి ఒళ్లో పెట్టుకుని మొహం పక్కకి తిప్పుకుంది.

"ఒకచోట బాగుంది" అంది కనకదుర్గ.

"ఏంటి?"

"మీరు వాయించినదాంట్లో. ఒకచోట. నిన్న ఆయన వాయించినట్టే జారింది. ఒంటి మీద వెంట్రుకలు లేచాయి నాకు."

"ఎక్కడ?"

"ఎక్కడంటే ఏం చెప్పను? నాకు ఆ పేర్లు తెలుసా?"

"మొదట్లోనా? నేను చెయ్యి తీసి మళ్లీ పెట్టాక?"

"మళ్లీ పెట్టాకే. కాదు, అంతకుముందేనేమో. నాకు బెంగగా ఉందండీ అప్పుడు."

అతను దేదీప్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. తనకి అప్పుడు ఫోన్ కదలకుండా పట్టుకోవాలన్న ధ్యాసే.

"ఎలా ఉంది అది? ఒకసారి అను దుర్గా. నోటితో."

"నాకు పాడటం వచ్చా? నవ్వుతారు."

"నవ్వను. అను."

కనకదుర్గ గొంతు సవరించుకుంది. ఒక కూనిరాగం తీసింది, పైకి వెళ్లబోయి పక్కకి ఒరిగింది.

"గాంధారం నుంచి పంచమానికా? ఇలాగా?" అతను పాడి చూపించాడు.

"అది కాదు. అంతకంటే మెత్తగా."

"ఇలాగా?"

"ఊఁహూఁ."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఒక్కసారి. మళ్లీ అను."

ఆమె మళ్లీ అంది. ఈసారి ఇంకో రకంగా వచ్చింది. ఆమెకే తెలిసింది, ఆపేసింది. అతను ఆమె మొహానికి చెవి దగ్గరగా పెట్టి, కదలని చేతిని గాలిలో తీగ మీద ఉంచినట్టు ఉంచి, ఎదురుచూస్తూ ఉన్నాడు.

"మళ్లీ" అన్నాడు.