దారి రాయని పంపకం

పెందుర్తి చుట్టుపక్కల ఏ ఊళ్లో అన్నదమ్ములు వేరుపడినా మొదటి కబురు అప్పలసూరికే వెళ్లేది. సర్వేయర్లు వస్తుంటారు, బదిలీ అయి పోతుంటారు. గొలుసు పట్టే మనిషి మాత్రం అతనొక్కడే. నూరు లింకుల ఇనప గొలుసు, పది లింకులకొక ఇత్తడి బిళ్ల. దాన్ని భుజాన వేసుకుని గల్లుగల్లుమంటూ గట్టు మీద నడిచొస్తే, అంతవరకు ఒకరి ముత్తాతల్ని ఒకరు తిట్టుకుంటున్నవాళ్లు కూడా నోరు కట్టేసుకుని పక్కకు జరిగేవారు. అరవయ్యారు అడుగుల గొలుసు అది. కొస పట్టుకుని ఒక్క జాడింపు జాడిస్తే మెలికలన్నీ విడిపోయి తిన్నగా నేల మీద పడేది. ఆ జాడింపు తాలూకా మొత్తంలో మరొకరికి చేతకాదని అతని గర్వం. ఉంటే ఉండనీయండి, కష్టపడి సంపాదించుకున్నాడు.

కొలత అయ్యాక ఊరికే పోయే రకం కాదు. ఎవరూ అడగకపోయినా ఒక సలహా పారేసి మరీ వెళ్లేవాడు. “రాళ్లు పాతీసుకున్నామని సంబరపడిపోకండి బావా. దారి రాయించుకోండి. దారి నేని సేలో పండింది సేలోనే కూకోని తినాల,” అనేవాడు. జనం నవ్వేవారు. నవ్వి రాయించుకునేవారు.

ఇంతమందికి చెప్పిన పెద్దమనిషి తన పంపకంలో దారి రాయించుకోలేదు.

తండ్రి పోయి ఏడాది తిరిగాక, 1974 ఏప్రిల్లో, అన్న వరహాలూ అతనూ వేరుపడ్డారు. ఉన్నది ఎకరం అరవై సెంట్లు. ముందు రోడ్డు, వెనక వాగులా పారే గెడ్డ, మధ్యలో ఎనిమిది గొలుసుల పొడుగున భూమి. నడిమికి కోస్తే సరిపోతుంది. పరాయివాళ్ల పనికైతే గొలుసును ముందుగా సరిచూసుకునే అప్పలసూరి, ఇంటి పనే కదా అని మూలనున్న పాత గొలుసు తీసుకుపోయాడు. గెడ్డ ఒడ్డున మొదలుపెట్టి నాలుగు గొలుసులు లాగి, అక్కడ రాయి పాతించాడు. ఎనిమిదిలో నాలుగు పోతే నాలుగే కదా అని రెండో సగం కొలవనే లేదు. కొలిచింది తమ్ముడు గనక, కోరుకునే హక్కు అన్నకు వచ్చింది. వరహాలు రోడ్డు పక్క సగం కోరుకున్నాడు. తమ్ముడికి గెడ్డ పక్క సగం మిగిలింది. చెమ్మ ఆరని నేల కదా అని అప్పలసూరి లోలోపల సంతోషించాడు కూడా.

మరి దారి మాట ఎందుకు రాలేదంటే, అది ఏప్రిల్ నెల. కోతలైపోయి చేలన్నీ బోసిగా ఉన్నాయి. ఏప్రిల్లో పొలమంతా దారే. పెద్దమనుషులు వరహాలు సగంలోంచి అడ్డంగా నడిచొచ్చారు, చుట్టలు కాల్చారు, వేలిముద్రలు వేశారు, అడ్డంగా నడిచి వెళ్లిపోయారు. అదే పంపకం శ్రావణంలో జరిగుంటే, ఒక్క పెద్దమనిషి బురదలో జారిపడినా చాలు, దారి దానంతటదే కాగితం మీదకెక్కేది.

ఎనిమిదేళ్లు అదొక లోటుగానే తోచలేదు. ముందు చేను ముందు కోసుకోవడం, ఆ మోళ్ల మీదుగా వెనక చేను బండి పోవడం ఆ ఊరి పద్ధతి. వరహాలు పనలు ఎత్తుకున్న మర్నాడే అప్పలసూరి బండి వెనక్కి వెళ్లి వరి వేసుకొచ్చేది. వేసవిలో పెంట బండీ అలాగే పోయేది. ఒకరు అడిగిందీ లేదు, ఇంకొకరు ఇచ్చిందీ లేదు.

1982లో వరహాలు కొడుక్కి స్టీలు ప్లాంటు కట్టుబడి పనుల్లో ఉద్యోగం దొరికింది. ఊళ్లో కూలీలు కూడా సగం మంది అటే పోయారు. ముసలితనంలో ఒక్కడూ మడిలో దిగలేక, చుట్టుపక్కల అందరూ వేస్తున్నట్టే వరహాలు కూడా సరుగుడు తోట వెయ్యాలనుకున్నాడు. సరుగుడు ఏడాదికోసారి కోసే పంట కాదు. ఒకసారి వేస్తే నాలుగైదేళ్లు అక్కడినుంచి కదలదు. ముందు చేను కోతకు రాదు, వెనక చేనికి బండి పోదు.

అన్న మొక్కలకు గోతులు తవ్వుతున్నాడని తెలిసి అప్పలసూరి పరుగున వెళ్లాడు. వెళ్లినవాడు అన్నా అని పిలవొచ్చు, కుశలం అడగొచ్చు. అదేం లేదు. సర్వేయరు వెనక తిరిగి తిరిగి సర్వేయరు గొంతే వచ్చేసినట్టుంది.

“పన్నెండు లింకుల బండి దారి ఒగ్గాల. రూలది.”

వరహాలు గునపం ఆపి తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు. “కాయితంలో ఉందేటి?”

“కాయితంలో నేకపోతే మాత్రం?”

“నువ్వు కొలిసి నువ్వు రాయించిన కాయితమే గదరా. ఇంటికెల్లి సూసుకో,” అని వరహాలు మళ్లీ తవ్వడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి అంచు నుంచి అంచు దాకా గోతులే. మనిషి పోవాలన్నా ఒంటి కాలి మీద పోవాలి.

ఆ రెండేళ్లూ అప్పలసూరి పంట గెడ్డలోంచి వచ్చింది. నడుం లోతు నీళ్లలో అతనూ భార్య తవిటమ్మా పనలు నెత్తిన పెట్టుకుని, ఎవరెవరివో గట్లు పట్టుకుని, ఊరంతా చుట్టి కళ్లం చేరేవారు. రెండో ఏడు మోత తెమలకముందే ముసురు పట్టి సగం వరి చేలోనే మొలకెత్తింది. టీ కొట్టు దగ్గర జనానికి మాత్రం మంచి కాలక్షేపం. “ఏటి బావా, గొలుసుక్కూడా దారి దొరకనేదా?” అని ఒకడంటే పదిమంది నవ్వేవారు. అప్పలసూరి టీ సగంలో వదిలేసి లేచిపోయేవాడు.

నవ్వుల సంగతి అలా ఉంచితే, లోపల అతనికి భయం పట్టుకుంది. దారి లేని భూమికి పక్క చేనువాడు తప్ప వేరే బేరం రాదు. ఇంకో పంట ఇలాగే పోతే ఆ ఎనభై సెంట్లూ అన్నకే అమ్ముకోవాలి. తండ్రి పేరు చెప్పుకుని నిలబడడానికి అతనికి ఉన్నది ఆ ఎనభై సెంట్లే.

“ఓపాలి ఎల్లి, అన్నా దారియ్యవా అని అడగరాదా మావా? నీ నోట్ల ముత్తేలు రాలిపోతాయా?” అంది తవిటమ్మ.

“రూలు నా పక్కనుంటే నానెందుకు అడగాలే?”

“అయితే రూలునే నెత్తికెత్తుకోని గెడ్డ దాటు. నానింక రాను.”

ఆ కోపంతోనే బస్సెక్కి విశాఖపట్నంలో ఒక ప్లీడరు దగ్గరికి వెళ్లాడు. ఒకటిగా ఉన్న భూమిని రెండు చేసినప్పుడు వెనక పాలుకు వేరే దారి లేకపోతే, కాగితంలో ఉన్నా లేకపోయినా ముందు పాలువాడు దారి ఇచ్చి తీరాలని ప్లీడరు చెప్పాడు. నోటీసు పంపాడు. కేసు వెయ్యడానికి కొలతలతో పటం కావాలన్నాడు. అలా 1984 డిసెంబరులో, వెనక చేను పండి కోతకు సిద్ధంగా ఉన్నప్పుడు, సర్వేయరు శ్రీరామ్మూర్తి కొత్త గొలుసుతో ఊళ్లోకి వచ్చాడు.

కొత్త గొలుసు ఒక కొస అప్పలసూరి ఎత్తుకోగానే వరహాలు అడ్డం వచ్చాడు.

“ఆడట్టుకుంటే నానొప్పుకోను బాబూ. కొలిసీవోడూ ఆడే, దావా ఏసీవోడూ ఆడేనా? రెండో కొస నానట్టుకుంటాను.”

“నీకు వచ్చా వరహాలూ?” అన్నాడు శ్రీరామ్మూర్తి.

“గొలుసట్టుకోడానికి సదువుకోవాలేటండి?”

శ్రీరామ్మూర్తికి నవ్వొచ్చింది. గొడుగు వేసుకుని రోడ్డు గట్టున కూర్చుని, అంకె కేక వేస్తే రాసుకుంటానన్నాడు. రెండేళ్లుగా మాటలు లేని అన్నదమ్ములు ఒకే గొలుసుకు చెరో కొసన నిలబడ్డారు. తోట అంచున, రోడ్డు దగ్గర మొదలుపెట్టారు. ముందు అప్పలసూరి లాక్కుపోతున్నాడు, వెనక వరహాలు నేలలో గుచ్చిన మేకు దగ్గర కొస అదిమి పట్టుకోవాలి. పట్టుకుంటే కదా! ఒకసారి వదులు చేశాడు, ఒకసారి తన కాలికే చుట్టుకున్నాడు, మరోసారి గొలుసు సరుగుడు మొక్కకు తగులుకుంటే మొక్కను తిట్టాడు.

“బిగించి పట్టు!”

“బిగించే ఉన్నాను.”

“బిగించడమంటే ఊరికే నిలబడ్డం కాదన్నా!”

అన్నా అన్న మాట రెండేళ్ల తరవాత నోట్లోంచి జారింది. జారాక అప్పలసూరి ముందుకు తిరిగి గొలుసు లాగాడు.

అప్పలసూరి నాలుగో గొలుసు లాగి జాడించి పరిచాడు. గొలుసు కొస తాను పాతించిన రాయి దగ్గర ఆగలేదు. రాయి దాటి మూడు లింకులు తన చేలోకి వచ్చి పడింది. వంగి మళ్లీ చూశాడు. లింకులు మెలిక పడలేదు. అన్న కొస మేకు దగ్గరే ఉంది. మూడు లింకులంటే రెండడుగులు. విషయం అర్థం కావడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. ఆనాటి పాత గొలుసు ఏళ్ల తరబడి లాగి లాగి సాగిపోయింది. సాగిన గొలుసుతో గెడ్డ వైపు నుంచి కొలిస్తే తన సగం పెరిగింది. కొలవక వదిలేసిన అన్న సగం తరిగింది.

“ఎంతయ్యా?” అని శ్రీరామ్మూర్తి కేకేశాడు.

నాలుగు అంటే చాలు. అప్పలసూరి చెప్పిన అంకెను ఏ సర్వేయరూ లేచొచ్చి చూసుకోడు. వెనకనున్న వరహాలుకు బిళ్లలు లెక్కపెట్టడం రాదు. నిజం చెబితే పటంలో తన తప్పే ఎక్కుతుంది, కేసు నీరుగారిపోతుంది, రేపటి నుంచి తాలూకాలో గొలుసు పట్టమని పిలిచేవాడుండడు. పండిన వరి పక్కనే గాలికి ఊగుతోంది.

“నాలుక్కి మూడు లింకులు తక్కువ బాబూ,” అని అరిచాడు. “రాయి తప్పు. నానే తప్పు పాతినాను. పదేళ్లయి మా అన్న భూమి రెండడుగులు నాను దున్నతన్నాను.”

వెనకనున్న వరహాలు గొలుసు వదల్లేదు. “తెలుసురా,” అన్నాడు.

“ఏటి తెలుసు?”

“మొక్కలేసినప్పుడే తెలుసు. మా ఓడు ప్లాంటు నుంచి టేపు అట్టుకొచ్చి కొలిసినాడు. రెండడుగులు తక్కువొచ్చింది. బాబాయిని అడుగుతానని ఎగిరినాడు, నోరు ముయ్యమన్నాను.”

“మరి నాకెందుకు సెప్పనేదు?”

“నీకేటుందిరా ఆ గొలుసు తప్ప? అప్పలసూరి కొలత తప్పంటే మరెవడు పిలుస్తాడు నిన్ను?” వరహాలు గొంతులో కోపం ఇప్పుడు పైకొచ్చింది. “నడిమిలోంచి నీ బండికి దారి ఒగ్గీడానికి ఆ పొద్దు గురుతుకి తాడు కూడా ఏసుకున్నాను. నువ్వొచ్చి రూలు సెప్పినావు. నీ రెండడుగులు నాను కడుపులో దాసుకుంటే, నువ్వు నాకు నోటీసిచ్చినావు. పోస్టుమేన్ ఊరందర్లో సదివినాడు.”

అప్పలసూరి అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. ఎవరు చూస్తారన్న పట్టింపు కూడా లేకుండా ఏడ్చాడు. ముప్పై ఏళ్లు ఊళ్లన్నీ కొలిచాడు, సొంత అన్న మాత్రం అతని కొలతకు అందలేదు. శ్రీరామ్మూర్తి మర్యాదగల మనిషి, పుస్తకం మూసి గొడుగు అటు తిప్పుకున్నాడు.

వరహాలు వచ్చి తమ్ముడి పక్కన నిలబడ్డాడు. ఓదార్చడం అతనికి రాదు. “లేరా, వరి రాలిపోతాది,” అన్నాడు. తరవాత సర్వేయరు వైపు తిరిగి, గొంతెత్తి, “ఆ రెండడుగులు ఆడికే ఉండనియ్యండి బాబూ. ఈ అంచున రెండు వరసలు పీకీస్తాను. బండి పట్టేలాగ దారి రాసీండి. మా ఎనక పిల్లలు కొట్టుకోకుండా రాయండి,” అన్నాడు. ఆ పొద్దే కత్తి తెచ్చి, రెండేళ్లు పెంచిన మొక్కల్ని తన చేత్తో తనే నరికాడు. అప్పలసూరి వేళ్లు తవ్వాడు.

చీకటి పడే వేళకు ఒంటి నిండా మట్టితో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి తవిటమ్మ చేతిలో పని పారేసి వాకిట్లోకి వచ్చింది. కొట్టుకున్నారనే అనుకుంది.

“ఏటైంది మావా? ఎవలు గెలిసినారు?”

అప్పలసూరి అరుగు మీద కూర్చుని కాళ్ల మట్టి చూసుకున్నాడు.

“ఓడిపోనానే,” అన్నాడు. “దారిచ్చీసినాడు.”