అన్ని వాకిళ్ళూ తట్టే పెట్టె

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ముప్ఫయ్యేళ్ళ మనిషి, వరసగా బెజ్జాలున్న ఇనుప పెట్టె ఒడిలో పెట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది, గుంత పొంగణాలు పోస్తారా?" అన్నాను.

నవ్వాడు. "స్విచ్చు అక్కా. ఆఫీసులో కంప్యూటర్ల వైర్లన్నీ దీనికే పెడతాము. ఒకటి పంపిన కబురు ఇంకోదానికి చేరుస్తాది. లోపలేముందో సూడదు. పైన అడ్రసు సూసి, రెప్పపాటులో ఆ బెజ్జంలోకే పంపుతాది."

"ఎవరు యాడుండారో దానికెట్ల తెలుస్తాది?"

"ఎవరు ఏ బెజ్జంలోంచి పలికినారో గుర్తుపెట్టుకుంటాది. శానాసేపు పలక్కుంటే మరిసిపోతాది. అయినా వాళ్ళ పేరున కబురొస్తే పారెయ్యదక్కా. తక్కిన అన్ని బెజ్జాల్లోకీ పంపి ఎతుకుతాది."

కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "మా అమ్మీ, నన్ను కన్నతల్లి, పోయినప్పుడు మా అన్న అందరికీ సెప్పి పంపినాడు. మా ఇద్దరికీ ఆరేండ్లుగా మాటల్లేవని నాకొక్కనికే సెప్పలేదు. ఆమె గోరీకి మూడు పిడికిళ్ళ మట్టి కూడా ఇయ్యలేకపోతి."

ఎమ్మిగనూరు బస్టాండు వెనక వీధిలోనే మా చెల్లెలి ఇల్లు. అమ్మ కమ్మలు ఎవరివన్న గొడవలో మాటలు మానేసి నాలుగేళ్ళయింది. బస్సు దిగి ఆ వీధి మొదట్లో కాసేపు నిలబడ్డాను. ముందు అదే పలకనీ అనుకుని చుట్టుదారిన పోయాను.

ఇప్పటికీ ఆ చుట్టుదారినే పోతున్నాను.