రెండో తుడుపు

మా ఈశ్వరి వదినతో వేగలేక చస్తున్నాను, ముందే చెబుతున్నాను. విజయనగరంలో కొత్తగా కట్టిన ఇళ్లను గృహప్రవేశానికి ముందు శుభ్రం చేసిపెట్టడం మా పని. టైల్స్ మీద గట్టిపడిన సిమెంటు, కిటికీ అద్దాల మీద పెయింటు చుక్కలు, బాత్రూముల్లో మేస్త్రీలు వదిలేసిన చెత్త, అన్నీ మా నెత్తినే. వదినా, నేనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ చేస్తాం. రేటు మాట్లాడేది మాత్రం వదినే. ఫోన్‌లో చెప్పమంటే చచ్చినా చెప్పదు. "ఇల్లు సూడకుండా రేటేటి బాబూ?" అంటుంది. వెళ్లి గది గదీ తిరుగుతుంది. గుమ్మం పైచెక్క మీద చెయ్యేసి రాస్తుంది, కిటికీ రెక్క జరిపి గాడిలో వేలు పెడుతుంది. అప్పుడు చెబుతుంది రేటు, రెండుసార్లకీ కలిపి.

గొడవంతా ఆ రెండోసారి దగ్గరే. కడిగేటప్పుడు గాల్లోకి లేచిన సన్న దుమ్ము మర్నాటికి మళ్లీ కిందికి దిగుతుంది. దాన్ని తడిగుడ్డతో తుడవాలి. మిలమిలలాడే ఇంటిని మళ్లీ తుడవడానికి డబ్బులెందుకని అందరూ దాన్నే తీసేయమంటారు. వదిన కాసేపు వాదించి ఊరుకునేది.

కిందటి శ్రావణంలో గోవింద్ పిలిచాడు. ఆటో నడుపుకుంటూ ఊరి చివర రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. అతని భార్య హేమ పాతపట్నంలో పుట్టింట పురుడు పోసుకుంది. మూడో నెల పిల్లతో నేరుగా కొత్త ఇంటికే రాబోతోంది.

"అక్కా, ఒక్కసారికే సెప్పు. అప్పులైపోనాయి," అన్నాడు గోవింద్.

"సంటిబిడ్డ వస్తాది గదా. ఒక్కసారికైతే నాను సెయ్యను," అని వదిన చక్కా బయటికొచ్చేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నెలలో మా చేతిలో ఉన్న పని అదొక్కటే. "నీకేటైనా పిచ్చా వొదినా? ఆడే ఒద్దంటే నీకేటి?" అని దారంతా తిట్టాను.

దుమ్మంటే ఆవిడకి అంత భయం ఎందుకో చెప్పాలి. ఆమె భర్త, అంటే మా అన్న దాలయ్య, టైల్స్ మేస్త్రీ. మూతికి గుడ్డయినా కట్టుకోకుండా ఏళ్ల తరబడి టైల్స్ కోశాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇప్పుడు నాలుగడుగులేస్తే ఆయాసం, కూర్చుంటే దగ్గు. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పాడు. మా వీధిలో వింటేగా! టీబీ అన్నారు. పిల్లలంటే ప్రాణమిచ్చే మనిషి అరుగు మీద కూర్చుంటే తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని లాక్కుపోయేవారు. వాళ్ల నోళ్లు పడ! వదిన మాత్రం తన ఒంటి మీది దుమ్ము ఆయనకి తగలకూడదని, పని నుంచి రాగానే పెరట్లోనే తలస్నానం చేసి, చీర మార్చుకున్నాకే అన్న దగ్గరికి వెళ్తుంది. ఎముకలు కొరికే చలిలోనైనా అంతే.

ఆ సాయంత్రం గోవింద్ వదినను ఒప్పించాలని మా ఇంటికే వచ్చాడు. వదిన పెరట్లో నీళ్లు పోసుకుంటోంది. ఇంతలో అన్నకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆగేదాకా చూసి గోవింద్ మెల్లగా అడిగాడు, "బావా, ఇదేటి దగ్గు?"

"టైల్స్ పొడిరా. ఇపుడు నీ ఇంట్లో ఉన్నాది సూడు, అదే నా లోపల ఉన్నాది. నానంటే ఎదిగినోడ్ని. పసిగుడ్డు ఏటి ఓర్సుకుంటాది?" అన్నాడు అన్న.

గోవింద్ చొక్కా జేబు తడుముకున్నాడు. తడిజుట్టుతో వదిన లోపలికొచ్చింది. "డబ్బులు లేకపోతే రెండోసారికి నీ సేతులియ్యి. నాను పక్కనుండి సేయిస్తాను," అంది. ఆ మాటేదో పొద్దున్నే అనొచ్చు కదా మహాతల్లి!

మొదటిరోజు మేం కడిగాం. మర్నాడు గోవింద్ లుంగీ ఎగ్గట్టి, స్టూలెక్కి, ఫ్యాన్ రెక్కలతో మొదలుపెట్టి కిందిదాకా తుడుచుకొచ్చాడు. వదిన ఇచ్చిన నల్లగుడ్డ మీద తెల్లటి పొడి తేలేసరికి, "ఓలమ్మో, కడిగినాక కూడా ఇంతుందేటక్కా!" అని నోరెళ్లబెట్టాడు. వదిన నీళ్లు మార్చి అందిస్తూనే ఉంది. ఆఖరున తనే నేలకి చెంప ఆనించి, వెలుతురులో ఇంకా పొడి కనిపిస్తుందేమోనని చూసింది.

"ఇంక తెచ్చుకో నీ బిడ్డని," అంది.

గృహప్రవేశానికి అందరినీ రమ్మన్నాడు గోవింద్. అన్న రానన్నాడు. "నలుగురూ ఉంటారు, ఈ దగ్గుతో నానెందుకే," అన్నాడు. హోమం పొగ తగ్గాక గోవిందే ఆటో తెచ్చి మా గుమ్మం ముందు ఆపాడు, ఇక తప్పుతుందా? అన్న వచ్చి, ఆ కొత్త ఇంట్లో గోడవారగా, అందరికీ దూరంగా కూర్చున్నాడు.

హేమ పిల్లను ఎత్తుకుని తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. అన్న గాభరాగా వెనక్కి జరిగాడు.

"ఒద్దమ్మా, దగ్గుతాను."

"ఆ దగ్గు అంటుకోదంట గదన్నయ్యా. మా ఆయన సెప్పినాడు," అని పిల్లను ఒళ్లో పెట్టేసింది.

అన్న చేతికి ఎవరైనా బిడ్డనిచ్చి ఎన్నేళ్లయిందో! పిల్ల నిద్రలోకి జారుతోంది. అన్నకి దగ్గు తన్నుకొస్తోందని నాకు తెలిసిపోతోంది, మెడ నరాలు బిగుసుకున్నాయి. పిల్ల లేస్తుందని ఊపిరి బిగబట్టాడు. వదిన వెళ్లి వీపు మీద చెయ్యేసింది.

"దగ్గేయ్ మావా, పర్లేదు," అంది.

దగ్గాడు. పిల్ల ఉలిక్కిపడి కళ్లు తెరిచింది, అన్న మొహంలోకి కాసేపు చూసింది, మళ్లీ పడుకుంది. హేమ బిడ్డను తీసుకోలేదు.