ఇంజన్ సైకిలుకు హబ్బు

చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల మా తమ్ముడి ఎడంకాలు సన్నబడిపోయింది. కుడికాలు మాత్రం రోకలిబండ. ఆ ఒక్క కాలితోనే సైకిలు తొక్కుకుంటూ పర్చూరు దాకా వెళ్ళొచ్చేవాడు. మార్టూరు దాకా రోజూ తొక్కడం మాత్రం వాడి వల్ల కాదు. తొంభైల చివర్లో వాడికి పని దొరికింది మార్టూరులోనే, గ్రానైటు రాళ్ళు పాలిష్ పట్టే చోట. మిషన్లు బాగుచేసే పని, వాడు కోరుకున్న పని. పొద్దున సైరన్ మోగేసరికి గేటు లోపల ఉండాలి, లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటామని ముందే చెప్పేశారు. మా ఊరి బస్సు వచ్చినరోజు వచ్చినట్టు, రాని రోజు లేదు.

అప్పుడు వాడికి పుట్టింది ఈ బుద్ధి. మా వీధిలో ఒకాయన మోటారు సైకిలు లారీ కింద పడి నుజ్జయిపోయింది, ఇంజన్ మాత్రం బతికింది. దాన్ని అడిగి తెచ్చుకుని సైకిలుకి బిగిస్తానన్నాడు. సైకిలుకి ఇంజన్ పెట్టడం మా వైపు మరీ వింతేమీ కాదు. మిరపకు మందు కొట్టే స్ప్రేయరు ఇంజన్ తగిలించుకుని తిరిగిన వాళ్ళను నేనెరుగుదును. కాకపోతే అది మేకపిల్ల, మా వాడు తెచ్చింది దున్నపోతు.

గేరు మార్చడానికి ఎడంకాలు కావాలి గదా, అందుకని ఇంజన్ను రెండో గేరులోనే ఉండేట్టు బిగించేశాడు. క్లచ్చు చేత్తో పట్టేది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. బయల్దేరాలంటే వెనక నుంచి ఎవరో ఒకరు తొయ్యాలి. ఆ ఎవరో ఒకరు నేనే. కొంగు నడుముకి చుట్టి, తోసి, పరుగెత్తి, దారిలో ఆగితే మళ్ళీ తొయ్యడానికి వెనక క్యారియరు మీదికి ఎగిరి కూర్చోవాలి. ఊళ్ళో అమ్మలక్కలు నవ్వేవాళ్ళు. నేను పళ్ళు నూరేదాన్ని.

చైను సంగతి, చక్రం సంగతి తేలకముందే వాడు పెట్రోలు ట్యాంకుకి ఎర్ర రంగు వేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాను. వాడు వినలేదు. పళ్ళచక్రాన్ని తెచ్చి వెనక చక్రం స్పోకులకే బోల్టులతో బిగించాడు, సైకిలు చైనే వేశాడు. మొదటిసారి క్లచ్చు వదలగానే స్పోకులు టపటపా విరిగాయి. చైను తెగి వాడి మంచికాలి పిక్క మీద ఛెళ్ళున కొట్టింది. రక్తం కారుతుంటే వాడు నవ్వుతున్నాడు, ఇంజన్ బలం చూశావా అక్కా అని. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నది ఒక్కకాలు. అది కూడా పోతే?

నాకు భయం ఊరికే కాదు. మార్టూరు వెళ్ళే దారిలో సాగర్ కాలవ వంతెన ఉంది. కట్ట ఎత్తు. ఇటు ఎక్కుడు ఎంత నిటారో అటు దిగుడూ అంతే. దిగుడు చివర రోడ్డు తిన్నగా పోయి పెద్దరోడ్డులో కలుస్తుంది. ఆ పెద్దరోడ్డు మీద ఎప్పుడూ గ్రానైటు దిమ్మెల లారీలే. వాటి డ్రైవర్లు మనిషి కోసం ఆగాలనుకున్నా ఆ బరువుతో ఆగలేరు.

ఆ దిగుడు గురించి మా నాన్నకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆయన ఎడ్లబండి తోలినవాడు. మిరపకాయల టిక్కీలు గుంటూరు యార్డుకి, పచ్చి పొగాకు దాన్ని కాల్చే బేరన్లకి తోలాడు. తర్వాత ట్రాక్టర్లొచ్చాయి, ఎద్దులు పోయాయి, బండి చావిట్లో మూలనపడింది. తమ్ముడి ఇంజన్ను చూసి ఆయన ఒకే మాట అన్నాడు. "ఎక్కుడులో లాగే ఎద్దును అందరూ చూస్తారు. దిగుడులో ఎద్దు లాగదురా, ఆపుద్ది. బండి బరువంతా మెడమీద కాసుకుని దిగుద్ది. నీ దాంట్లో ఆపేదేదిరా?"

తమ్ముడు సైకిలు బ్రేకు చూపించాడు. నాన్న దాని రబ్బరు ముక్కను గోటితో గిల్లి చూసి చావిట్లోకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ మాటను వదల్లేదు.

స్పోకులకి బిగిస్తే ఆగదని తేలిపోయింది గనక, చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ ఉండే హబ్బే గట్టిది కావాలని చిలకలూరిపేటలో పాత ఇనుము అమ్మే కొట్లు తిరిగాం. చివరికొక కొట్లో రెండు దొరికాయి. ఒకటి సైకిలు రకమే, కొంచెం గట్టిది. తేలిగ్గా ఉంది, సైకిలు ఫోర్కు మధ్య చక్కగా ఇముడుతుంది. దానికి ఫ్రీవీలు ఉంది, అంటే ఇంజన్ ఆగినా చక్రం దాని మానాన అది తిరుగుతూ పోతుంది. రెండోది విరిగిపోయిన మోపెడ్ నుంచి తీసింది. బరువు. లోపల డ్రమ్ము బ్రేకు, బొటనవేలంత ఇరుసు, పళ్ళచక్రం హబ్బుకే కదలకుండా బిగించి ఉంది, అంటే చక్రం తిరిగితే ఇంజనూ దాంతోపాటు తిరగాల్సిందే.

తమ్ముడి మనసు మొదటిదాని మీద పడింది. దిగుడులో ఇంజన్ ఆపేసి జారుకుంటూ పోవచ్చు, పెట్రోలు కలిసొస్తుందన్నాడు. నేను పొగాకు గ్రేడింగులో పనిచేసేదాన్ని, ఏ ఆకు ఏ రకమో వేళ్ళతో తడిమి చెప్పేదాన్ని. ఆ వేళ్ళతోనే రెండు ఇరుసులూ పట్టుకుని ఊపి చూశాను. మోపెడ్‌దాంట్లో ఆవగింజంత వదులు లేదు. ఇంక నాకు వేరే ఆలోచన లేదు.

"ఇది పట్టాలంటే వెనక ఫోర్కు కోసి వెడల్పు చెయ్యాలక్కా," అన్నాడు వాడు.

"కొయ్యి."

"బండి బరువెక్కుద్ది."

"ఎక్కనీ. జారిపోయేదానికి నేను చెయ్యెయ్యను. వేరేవాళ్ళ చేత తోయించుకో."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండి అక్క సంగతి ఎవరూ చెప్పలేదు. వాడు గొణుక్కుంటూనే మోపెడ్ హబ్బు సంచిలో వేశాడు. దానికి తగ్గ చైను కూడా మోటారు సైకిలుదే తీయించాను. పళ్ళచక్రం కూడా పెద్దదే ఉంచమన్నాను. చిన్నదైతే వేగం, పెద్దదైతే పట్టు. వాడికి వేగం కావాలి. నాకు తమ్ముడు కావాలి.

వారం తిరిగేసరికి అంతా బిగించాడు. ఊళ్ళో నాలుగు చుట్లు తిప్పాడు, కుడికాలితో వెనక బ్రేకు తొక్కితే గోడ కట్టినట్టు ఆగింది. పనిలో చేరాల్సిన రోజు పొద్దున్నే నేను తోశాను, ఎక్కి కూర్చున్నాను. చావిడి దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు, వేళ్ళు నల్లగా ఉన్నాయి. నాకేమీ అనిపించలేదు.

వంతెన ఎక్కుడు ఆ బండికి లెక్కేకాదు. పైకి వచ్చేసరికి పెద్దరోడ్డు కనబడింది, లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. దిగుడు మొదలైంది. తమ్ముడు బ్రేకు తొక్కాడు. వేగం తగ్గలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు, మడమ కింద పెడల్ అడుక్కి వెళ్ళిపోవడం నాకు కనబడింది. ముందు చక్రానికి మామూలు సైకిలు బ్రేకే, దాని రబ్బరు ముక్కలు ఆ బరువుకి ఏ మూలకీ రాలేదు. కాసేపటికి వెనక చక్రం దగ్గర్నుంచి వాసన వచ్చింది. ఆముదం కాలిన వాసన.

నాన్న నల్లటి వేళ్ళు అప్పుడు గుర్తొచ్చాయి. ఆముదంలో వరిగడ్డి మసి కలిపిన కందెన. బండి ఊరు దాటుతుందంటే ఇరుసుకి కందెన పెట్టకుండా మా నాన్న ఎన్నడూ పంపలేదు. హబ్బు సందులోంచి పుల్లతో నింపేసి ఉంటాడు, డ్రమ్ము లోపలికి, బ్రేకు చెక్కల మీదికి.

నా పైప్రాణాలు పైనే పోయాయి. తమ్ముడు కంగారులో రెండు చేతులూ బిగించాడు, క్లచ్చుతో సహా. దాంతో ఇంజన్‌కీ చక్రానికీ సంబంధం తెగిపోయి బండి ఇంకా ఉరికింది. లారీల హారన్లు దగ్గరవుతున్నాయి. దూకుదామంటే వాణ్ణి వదిలి దూకాలి. నేను వాడి నడుం గట్టిగా పట్టుకుని చెవిలో చెప్పాను.

"ఒరేయ్, బ్రేకు లేదు. క్లచ్చు వదులు. ఎక్సిలేటరు మూసెయ్యి."

వాడు వదిలాడు. బండి ఒక్కసారి కుదిపింది, ఇంజన్ గొంతు పట్టేసినట్టు మూలిగింది. చైను బిగిసింది. ఇప్పుడు తెగుతుంది, ఇప్పుడు తెగుతుందని నేను కళ్ళు మూసుకున్నాను. తెగలేదు. ఇరుసు వంగలేదు. చక్రం ఇంజన్ను తిప్పలేక తిప్పలేక తిరిగింది, వేగం చచ్చింది. వాడు కుడికాలు నేలకు ఆనించాడు, చెప్పు అరిగిపోయేదాకా ఈడ్చాడు. పెద్దరోడ్డు అంచున, తారు మొదలయ్యే చోట ఆగాం. మా ముందు నుంచి లారీ పోతే దాని గాలికి నా కొంగు ఎగిరింది.

లారీలు తెరిపివ్వగానే నేను దిగి మళ్ళీ తోశాను. మిగతా దారంతా నడిచే వేగంతో పోయాం. సైరన్ మోగుతుండగా వాడు గేటు లోపలికి వెళ్ళాడు. డ్రమ్ము విప్పి పెట్రోలుతో కడుక్కుంటాలే అన్నాడు. నాన్నని ఏమీ అనొద్దక్కా అని కూడా అన్నాడు.

అనకుండా ఎట్లా ఉంటాను? బస్సులో దారి పొడుగునా ఏమేం తిట్టాలో పేర్చుకుంటూ వచ్చాను. చావిట్లో అడుగు పెట్టేసరికి నాన్న పాత బండి పక్కన కూర్చుని ఉన్నాడు, ముందర కందెన డబ్బా. ఎన్నో ఏళ్ళ తర్వాత దాని మూత తీశాడు. బండి బాగా నడిచిందా అమ్మాయ్ అని అడిగాడు. "ఇరుసు పొడిగా ఉండె పాపం. నేనే పెట్టా," అన్నాడు. ఆ మొహంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది.

పేర్చుకున్న తిట్లన్నీ పక్కన పెట్టాను. కానీ చెప్పకపోతే రేపు మళ్ళీ పెడతాడు.

"అది ఇరుసు కాదు నాన్నా. లోపల బ్రేకుంది. దానికి నూనె తగలకూడదు."

ఆయన చెయ్యి డబ్బా మీదే ఉండిపోయింది. నా వైపు తిరిగి అడిగాడు, "మరి దిగుడులో ఎట్టా ఆగారే?"

"నువ్వు చెప్పావుగా, దిగుడులో ఎద్దే ఆపుద్దని. ఆపేట్టు చూసే కొన్నాం. ఇంజనే ఆపింది."

నాన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా పోలేదు. డబ్బాకి మూత పెట్టి పైన అటక మీద పెట్టబోయాడు. నేను చేతిలోంచి తీసుకున్నాను.

"చైనుకి పెట్టొచ్చు నాన్నా. చైనుకి రోజూ పెట్టాలి," అన్నాను.

మర్నాడు పొద్దున తమ్ముడు బయల్దేరే వేళకి ఆయన చైను పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కొక్క లంకెకీ పుల్లతో కందెన చుక్క అద్దుతున్నాడు. హబ్బు వైపు చుక్క పడకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.