దాయమ్మ చెప్పిన వయసు

దాయమ్మ పోయిందన్న సంగతి నాకు కాలేజీలో తెలిసింది. అప్పుడే వృద్ధాప్యం మీద పాఠం ముగించి వచ్చి, చేతికంటిన చాక్‌పీసు పొడి దులుపుకుంటున్నాను. స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర మా పక్క గల్లీ అమ్మాయి నిలబడి ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. "అక్కా, దాయమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, గోడకు ఒరిగింది, గంతే," అంది. ఆ పిల్ల ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఒక క్లాసు మిగిలి ఉంటే, అది కూడా చెప్పేసి బయల్దేరాను.

దాయమ్మ మా ధూల్‌పేట్ బస్తీకి మంత్రసాని. దాయి అనే ఉర్దూ మాటకు మేమంతా ఒక అమ్మను తగిలించుకున్నాం. ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ఎవరింటికి వచ్చినా గుమ్మంలోనే ఆగి, బూడిదతో మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కునేది. కాన్పు కోసం వచ్చినా అంతే, ఊరికే ముచ్చట పెట్టడానికి వచ్చినా అంతే. మా అమ్మ నవ్వితే, "చేతులకు అలవాటు తప్పొద్దు," అనేది. పుట్టిన బిడ్డ గట్టిగా ఏడిస్తే సంబరపడేది. "ఏడ్చేటోల్లతోని ఫికర్ లేదు. సప్పుడు జెయ్యనోల్లనే చూసుకోవాలె," అనేది. ఈ మాట నేను తర్వాత క్లాసుల్లో చాలాసార్లు చెప్పాను. ఎవరు అన్నదో మాత్రం చెప్పలేదు.

ఆమెకు చదువు రాదు. సంవత్సరాలను వినాయకులతో గుర్తుపెట్టుకునేది. మా దగ్గర ఏటా చవితికి నెలల ముందు నుంచే షెడ్లలో విగ్రహాలు లేస్తాయి కనుక, బస్తీలో పుట్టిన ప్రతి బిడ్డా ఏదో ఒక గణపతి పక్కనే పుట్టినట్టు లెక్క. బజారులో పసుపు రంగు దొరక్క అన్ని విగ్రహాలకూ గులాబి రంగు వేసిన ఏడు నేను పుట్టానట. అందుకని నన్ను పెద్దయ్యాక కూడా "గులాబి పిల్లా" అనే పిలిచేది. స్టాఫ్‌రూంకి కబురు తెచ్చిన అమ్మాయి ఆమె లెక్కలో "వాన పోరి". ఆ వాన సంగతే నేను చెప్పదలచుకున్నది.

డెబ్బైల మొదట్లో నేను యూనివర్సిటీలో మనోవిజ్ఞానం ఎం.ఏ. చదివాను. మా నాన్న నయాపూల్ దగ్గర కోర్టులో గుమాస్తా. మా ఇంట్లో అంతదూరం చదివిన ఆడపిల్లను నేనే. పుట్టుక నుంచి చావు దాకా మనిషి మనసు ఎట్లా ఎదుగుతుందో చెప్పే పేపరంటే నాకు మహా ఇష్టం. పుస్తకంలో మనిషి బతుకంతా రైలు పెట్టెల్లా వరుసగా ఉండేది. ఏ వయసులో ఏం రావాలో ఒక పట్టిక. రెండు బస్సులు మారి ఇంటికొస్తూ, కనిపించిన ప్రతి పిల్లవాణ్నీ ఏదో ఒక పెట్టెలో కూర్చోబెట్టేదాన్ని. ఇరవై మూడేళ్ల వయసులో అంత తెలివి ఉండడం ఎదుటివాళ్లకు ప్రమాదమని ఇప్పుడు తెలుస్తోంది.

ఆఖరి సంవత్సరం పరిశోధనకు మా బస్తీ బడిలోని నలభై మంది పిల్లలను ఎంచుకున్నాను. ఒక్కొక్కరికీ పరీక్ష పెట్టి, ఆ బిడ్డ బుద్ధి ఎన్నేళ్ల పిల్లల బుద్ధికి సమానమో చూడాలి. దాన్ని అసలు వయసుతో భాగించి వందతో గుణించాలి. అసలు వయసులను బడి రిజిస్టర్‌లోంచి ఎక్కించుకున్నాను. నలభై మందిలో ఇరవై ఆరుగురు జూన్‌లో పుట్టారు. ఇది నా కంట పడకపోలేదు. మా పేటలో పిల్లలు జూన్‌లోనే ఎందుకు పుడతారో వివరిస్తూ ఒక పేరా కూడా రాసి పెట్టుకున్నాను.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్ల నాన్న సీజన్‌లో విగ్రహాలకు రంగులేసేవాడు, తక్కిన రోజుల్లో దుకాణాల షట్టర్లకు. రిజిస్టర్ ప్రకారం ఆ పిల్లకు ఏడేళ్ల ఎనిమిది నెలలు. పరీక్షలో బుద్ధి వయసు ఆరేళ్లు వచ్చింది. గుణిస్తే డెబ్బై ఎనిమిది. మా పట్టికలో ఎనభైకి కింద ఉన్నదాన్ని సరిహద్దు అంటారు. మందబుద్ధికి ఒక మెట్టు పైన. నన్నెవరూ అడగకపోయినా, ఆ సంగతి ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి పెద్దటీచరుకు ఇచ్చాను. ఇవ్వడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

పెద్దటీచరు ఆ పిల్ల తండ్రిని పిలిపించి, చదివి వినిపించి, కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన మర్నాటి నుంచి పిల్లను బడి మానిపించి, ఇంట్లో చంటి తమ్ముణ్ని ఆడించడానికి కూర్చోబెట్టాడు.

నాలుగు రోజులకు దాయమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చేతులు కడుక్కోలేదు. ఆమె చేతులు కడుక్కోకుండా మా గుమ్మం దాటడం నేను అదొక్కసారే చూశాను.

"ఏంది బిడ్డా, ఈ పోరికి బుద్ధి తక్కువని రాసినవంట?"

"నేను కాదు దాయమ్మా, పరీక్షల గట్ల వచ్చింది."

"దీనికి ఎన్నేండ్లని పెట్టినవ్?"

"ఏడేండ్ల ఎనిమిది నెలలు. రిజిస్టర్ల ఉన్నది."

"పుట్టినప్పుడు దీన్ని రిజిస్టర్ పట్టిందా, నేను పట్టిన్నా?"

ఆమె చాప మీద కూర్చుని, పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "ఇది వాన పడ్డ ఏడు పుట్టింది. చవితికి రెండు రోజుల ముందు గణపతుల చెవులు ఊడిపడలే? ఇంట్ల దీని అమ్మ నొప్పులు పడ్తాంటే, దీని బాపు షెడ్డుల టార్పాలిన్ పట్టుకోని నిలవడ్డడు. తర్వాత అమ్మ పనికి పోవాలె, పోరిని చూసెటోల్లు లేరు. ఐదు నిండినయని చెప్పి బళ్లె ఏసిన్రు. అప్పటి పెద్దసారు జూన్ అని రాసిండు. ఆయన అందర్ని జూన్లనే రాస్తుండె. నీకు యాదికి లేదా గా వాన?"

యాదికి ఉంది. ఆ ఏడు నేను మెట్రిక్. బడి నుంచి మోకాళ్ల లోతు నీళ్లలో వస్తుంటే చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. రెండో చెప్పును ఎందుకో ఇంటిదాకా మోసుకొచ్చాను. అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఆరేళ్ల ఐదు నెలలు. మళ్లీ భాగించి గుణిస్తే తొంభై మూడు. ఆ పిల్లకు ఏ లోపమూ లేదు. తనకన్నా ఏడాది పైబడ్డ పిల్లల మధ్య కూర్చుని, వాళ్ల పాఠాలు మోస్తోంది, అంతే. పిల్ల దాయమ్మ గాజులు తిప్పుతూ ఆడుకుంటోంది.

మా గైడుకు చెబితే, ఆయన తేలిగ్గా తీసుకున్నారు. "సబ్మిషన్ ఆరు వారాల్లో ఉంది. ఆ ఒక్క పిల్లనూ తీసెయ్ అమ్మా. ముప్పై తొమ్మిదితో నడుస్తుంది." నాకు ఆ సలహా బాగా నచ్చిందని ఒప్పుకోవాలి. బస్సులో నయాపూల్ దాటేదాకా కూడా నచ్చుతూనే ఉంది. కానీ ఒకరి వయసు తప్పయితే మిగతా జూన్ పిల్లల సంగతేమిటన్న ప్రశ్న పోలేదు.

మర్నాడు బడికి వెళ్లి, రెండో కాగితం రాసిచ్చాను. "మీరే రాసిండ్రు, మీరే కొట్టేస్తున్రు," అంది పెద్దటీచరు. అయినా పిల్లను తిరిగి బళ్లో చేర్చుకుని, దాని ఈడు పిల్లలతో కూర్చోబెట్టింది. వాళ్ల నాన్న మొదటి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. చింపెయ్యమన్నాను. "ఉండనీయున్రి మేడమ్, ఇంగ్లీషుల ఉన్నది," అన్నాడు. తర్వాత జేబు తడుముకుంటూ, "అంటే మా పోరి మంచిగనే ఉన్నదన్నట్టేనా?" అని అడిగాడు. ఉన్నదన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

ఆ తర్వాత వారం రోజులు దాయమ్మ బడి వరండాలో కూర్చుంది. నేను పిల్లలను ఒక్కొక్కరినే తెచ్చి ఆమె ముందు నిలబెట్టేదాన్ని. గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసి, "వీడు మూడు తలల గణపతి ఏడు. అమావాస్య నాడు, మస్తు సతాయించిండు," అనేది. ఆ గణపతి ఏ సంవత్సరంలో చేశారో షెడ్ల వాళ్లను అడిగి నేను రాసుకునేదాన్ని. వేరే చోట పుట్టిన పిల్లలను, "వీడు నా చేతికి రాలే, నాకు తెల్వది," అని పంపించేసేది. ఒక్కసారి కూడా అందాజగా చెప్పలేదు. పట్టికల మీదా సూత్రాల మీదా ఎన్నో పాఠాలు విన్నాను గానీ, తెలియనిదాన్ని తెలియదనడం నేను నేర్చుకున్నది ఆ వరండాలోనే.

చివరకు ఇరవై ఎనిమిది మంది పిల్లలు మిగిలారు. జూన్ పేరా కొట్టేశాను. వయసుల ఆధారం ఏమిటని వైవాలో అడిగితే, మంత్రసాని అన్నాను. పరీక్షకు వచ్చినాయన నవ్వి, పాస్ చేశాడు. థీసిస్‌లో ఆమె గురించి రాసింది ఒక్క పాదసూచిక. "స్థానిక సమాచారదాత" అని. పేరు రాయలేదు. అప్పట్లో అదే పద్ధతి అని సర్ది చెప్పుకోవచ్చు గానీ, అసలు సంగతి, ఆమె పేరు అడగాలని నాకు తట్టలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

వయసు మాత్రం అడిగాను. సమాచారదాత వయసు కూడా రాయాలి మరి. ఆమె పాన్ నమలడం ఆపి, నావైపు వింతగా చూసింది. "నన్ను పట్టిన చేతులు ఎప్పుడో మట్టిల కలిసినయ్ గులాబి పిల్లా. ఎవర్ని అడుగుతవ్?" అంది. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

తర్వాత ఆస్పత్రి కాన్పులు పెరిగాయి, ఆమెకు పిలుపులు తగ్గాయి. చవితికి ముందు షెడ్లన్నీ ఒకసారి తిరిగి చూసొచ్చేది. పుట్టించే పని లేకపోయినా, ఏటా ఒక గణపతిని గుర్తు మాత్రం పెట్టుకుంది. వాన పోరి పదో తరగతి పాసైన రోజు దాయమ్మ దాన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఎన్ని వచ్చినయ్ దీనికి?" అని అడిగింది. మార్కులు చెబితే, "డెబ్బై ఎనిమిది కాదు గదా?" అంది. అంతకు మించి ఎప్పుడూ ఎత్తిపొడవలేదు.

అంత్యక్రియలైన మూడో రోజు, నమోదు చేయించడానికి మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లాం. ఆమెకు సొంతవాళ్లు లేరు. నేను, వాన పోరి, వాళ్ల నాన్న. పేరు దగ్గర తండ్రీకూతుళ్లు నావైపు చూశారు. రేషన్ కార్డులో ఉన్న పేరు చూసి చెప్పాను. అదే మొదటిసారి చూడడం. గుమాస్తా రాసుకుని, తల ఎత్తకుండా, "ఉమర్?" అన్నాడు.

తండ్రీకూతుళ్లు మళ్లీ నావైపే చూశారు.

"అందాజగా చెప్పున్రి మేడమ్, వెనక లైన్ ఉన్నది."

"డెబ్బై రాయున్రి సాబ్," అన్నాడు వాన పోరి నాన్న.

"నిజంగ డెబ్బైయేనా అక్కా?" ఆ పిల్ల నా చెవిలో అడిగింది. పన్నెండేళ్లుగా వయసుల గురించి పాఠాలు చెబుతున్నదాన్ని. "నాకు తెల్వది," అన్నాను.

గుమాస్తా అప్పటికే రాసేశాడు. సిరా తడి మీద అద్దుడు కాగితం పెట్టి, అరచేత్తో ఒక్కసారి నొక్కి తీశాడు. అద్దుడు కాగితం మీద డెబ్బైలోని ఏడూ సున్నా తిరగబడి, అంతకు ముందు అద్దిన అందరి వయసుల మధ్యా కలిసిపోయి కనిపించాయి.