ఏడో ఎక్కం వింటే పరుగెత్తుకొచ్చిన గొర్రెలు

నిన్న పొద్దున ఫోన్ మోగేసరికి నా చేతిలో స్వీట్ డబ్బా ఉంది.

మా అమ్మాయి సుజాతకు హెడ్మాస్టర్‌గా ప్రమోషన్ వచ్చింది. ఆ ముచ్చట అందరికంటే ముందు మా లచ్చమ్మక్కకే చెప్పాలని, అచ్చంపేట బస్సుకు బయల్దేరుతున్నాను.

ఫోన్‌లో అక్క కొడుకు.

"మామా, అమ్మ పోయింది. చాయ్ తాగి పండుకున్నది. మళ్ల లేవలే."

డబ్బా కింద పెట్టానో, పడేశానో గుర్తు లేదు.

అయినా ఒక మాట చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోకండి. ఇంత ఏడుపులోనూ నా గుండె సంతోషంతో పొంగిపోతోంది. నా బిడ్డ ఒక బడికి పెద్దయింది! అంటే అక్క నన్ను కొట్టిన దెబ్బలు వృథా పోలేదు.

దెబ్బలంటే నిజం దెబ్బలే.

అరవైల్లో మా ఊళ్లో బడి లేదు. మాది గొర్రెలు కాసే ఇల్లు. అక్కకు పదిహేనేళ్లు, నాకు పదమూడు. మేనమామ ఇంట్లో రెండేళ్లు ఉండి అక్క చదువు నేర్చుకొచ్చింది. ఇంట్లో ఆమే నాకు బడి, ఆమే పంతులు.

మోదుగులు పూసే రోజులొస్తే మాకు ఊపిరాడేది కాదు. పొద్దున గొర్రెలను వాగులో కడగాలి, బొచ్చు కత్తిరించాలి, తర్వాత మేతకు తోలాలి. చదువంతా ఆ పనుల మధ్యనే.

అక్క గొర్రెకు ఉప్పు నాకించి, కత్తెర ఆడిస్తూ ఏడో ఎక్కం చదివేది. నేను గొర్రె కాళ్లు పట్టుకుని అప్పజెప్పాలి. ఏడెనిమిదుల దగ్గర ఆగిపోయేవాణ్ణి.

వీపు మీద కట్టె పడేది.

"గీ గొర్రెకన్న వస్తదిరా, నీకు రాదు!"

ముక్కు పగిలి నెత్తురొచ్చిన రోజు కూడా ఉంది. నేను మాత్రం తక్కువా, ఆమె జడ పట్టి ఈడ్చేవాణ్ణి. బాపు వచ్చి ఇద్దరికీ చెరో నాలుగు తగిలించేవాడు.

బాపుకు ఈ చదువంటే గిట్టేది కాదు. "మీ సదువుల వడి ఒక్క గొర్రె పోయినా, గా పలక పొయ్యిల వెడ్త" అని చెప్పేశాడు.

ఉన్నది ఒక్క పలక. అది పోతే మా బడి పోయినట్టే.

ఒకరోజు అక్క పలక ఇవ్వలేదు. నేను ఊరుకోలేదు. బొచ్చు తీసిన గొర్రె ఒళ్లు నున్నగా పలకలాగే ఉంటుంది కదా! ఎర్ర జాజు కలిపి, పన్నెండు గొర్రెల తొడల మీద సున్నాలు చుట్టాను.

మా దిక్కు ఎవరి మందకు వాళ్లు జాజుతో గుర్తు పెట్టుకుంటారు. మాది అడ్డగీత, అది బొచ్చుతోనే పోయింది. పక్క ఊరి పటేల్ మందకు సున్నా. ఆ పూట నాకు ఆ సోయే లేదు.

వాగు దగ్గర రెండు మందలూ ఎదురయ్యాయి. పటేల్ మనుషులు ముగ్గురు మా పన్నెండింటినీ వాళ్ల మందలోకి తోసుకున్నారు.

"గుర్తు మాది, జీవాలు మావి. నడువుండ్రి."

నేను అడ్డం పోయాను. ఒకడు గొడ్డలి కర్రతో నా ఎడమ చేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నా చెవులకే వినిపించింది.

అక్క వాడి మీదికి ఉరికి చెయ్యి కొరికింది. కండ ఊడొచ్చేదాకా వదల్లేదు. రెండోవాడి కట్టె ఆమె నుదుటిని చీల్చింది. నెత్తురు కళ్లలోకి కారి ఏమీ కనబడక, ఊహమీద రాయి విసిరింది. వాడి పన్ను రాలింది. మూడోవాడు జుట్టు పట్టి ఆమెను బురదలో పడేశాడు.

బురదలోంచే అరిచింది.

"ఏడొకట్ల ఏడు! ఏడు రెండ్ల పద్నాలుగు!"

వాళ్లు నవ్వారు. "పోరికి పిచ్చి లేసిందిరా!"

ఏడు మూళ్లు దాటకముందే పటేల్ మంద కదిలింది.

ఒకటి. రెండు. ఐదు. పన్నెండుకు పన్నెండూ మందను చీల్చుకుని వచ్చి అక్క చుట్టూ నిలబడ్డాయి. నెల రోజులుగా ఆ గొంతులో ఆ ఎక్కం వింటూ ఉప్పు నాకాయి మరి!

నీళ్లకొచ్చిన రెండూళ్లవాళ్లూ చూశారు. పటేల్ ఊరి ముసలాయనే ఒకాయన ముందుకొచ్చి, "జీవాలే చెప్పినయ్ గదరా, ఇగ కట్టెలు దించుండ్రి" అన్నాడు.

ఇంటికెళ్లాక బాపు మొదట నన్ను కొట్టాడు, విరిగిన చెయ్యి కూడా చూడకుండా. తర్వాత అక్క నుదుటికి పసుపు అద్దాడు. పలక పొయ్యి పక్కనే ఉంది. మేమిద్దరం దాన్నే చూస్తున్నాం.

చివరికి బాపు పలక తీసి అక్క ఒళ్లో పెట్టాడు.

"గొర్లకొచ్చింది నాకు రాదా? రేపటిసంది నాకు గూడ చెప్పు. జర కట్టె పక్కన వెట్టి చెప్పు."

మా సుజాతకు ఎక్కాలు నేర్పిందీ ఆ అక్కే. అప్పటికి కట్టె మానేసి గిల్లుడు మొదలుపెట్టింది!

నిన్న సాయంత్రం పాడె వెనక నడుస్తూ ఏడో ఎక్కం చెప్పుకున్నాను. ఏడెనిమిదుల దగ్గర ఆగిపోయాను.

వీపు మీద దెబ్బ పడలేదు.

వెళ్లిరా అక్కా. ఇక ఎవరితోనూ కొట్లాట లేదు, హాయిగా నిద్రపో.